హాంకాంగ్‌లో దాచిన డబ్బును డాలర్లలోకి మార్చేయాలా?

ప్రశ్న: హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 12 లక్షల హాంకాంగ్ డాలర్లు ఒకే బ్యాంకులో ఉన్నాయి. అమెరికా, చైనా గొడవలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. మొత్తం అమెరికా డాలర్లలోకి మార్చేయమంటారా? ఎంపీఎఫ్ (ఇక్కడి తప్పనిసరి భవిష్య నిధి) కూడా తీసేసుకోవచ్చా?

జవాబు: మీ భయంలో అర్థం ఉందండి. 2020 జూన్ 30న చైనా అక్కడ జాతీయ భద్రతా చట్టం తెచ్చింది. రెండు వారాలకే అమెరికా హాంకాంగ్‌కు ఇస్తున్న ప్రత్యేక హోదా తీసేసింది. అమెరికా ఆంక్షలు పడటంతో నాటి పాలనాధినేత క్యారీ లామ్‌కు బ్యాంకు సేవలే అందలేదు. జీతం నగదుగా తీసుకుని ఇంట్లో పోగేసుకుంటున్నానని ఆమే టీవీలో చెప్పారు. అయితే ఆ ఆంక్షలు పేరు పెట్టి విధించినవి, మామూలు ఉద్యోగుల ఖాతాల జోలికి రాలేదు.

మొత్తం మార్చేయడం మాత్రం వద్దు. హాంకాంగ్ డాలర్ 1983 నుంచి అమెరికా డాలర్‌కే ముడిపడి ఉంది. ఇప్పుడు ఒక అమెరికా డాలర్ మారకం 7.75, 7.85 హాంకాంగ్ డాలర్ల మధ్యే తిరగాలి. 2025 మే నెలలో ఒక అంచును, జూన్ చివరికి రెండో అంచును తాకింది. రెండుసార్లూ అక్కడ కేంద్ర బ్యాంకు పాత్ర పోషించే ద్రవ్య ప్రాధికార సంస్థ రంగంలోకి దిగి నిలబెట్టింది. కాబట్టి ఇప్పుడు మార్చుకుంటే మీకు మిగిలేది ముఖ్యంగా బ్యాంకు కమీషన్ ఖర్చే. ఈ ముడి ఎప్పటికీ తెగదని నేను హామీ ఇవ్వను. అందుకే రేపు అమెరికా డాలర్లలో పెట్టాల్సిన ఖర్చులు, అంటే పిల్లల చదువు లాంటివి ఉంటే, అంతవరకు మార్చుకోండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ 'ఒకే బ్యాంకు' అన్న మాట. 2024 అక్టోబర్ నుంచి, బ్యాంకు మునిగితే డబ్బు తిరిగి ఇచ్చే డిపాజిట్ రక్షణ ఒక్కో బ్యాంకులో 8 లక్షల హాంకాంగ్ డాలర్ల వరకే. మీ 4 లక్షలు దాని బయట ఉన్నాయి. ఈ వారమే వాటిని ఇంకో లైసెన్సు ఉన్న బ్యాంకులో వేయండి. స్ట్రక్చర్డ్ డిపాజిట్లకు, అంటే రాబడి షేర్లు, కరెన్సీల లాంటి వాటి కదలికపై ఆధారపడే వాటికి, ఈ రక్షణ లేదు, అంటగట్టబోతే ఒప్పుకోకండి.

ఎంపీఎఫ్ సాధారణంగా 65 ఏళ్లకు గాని చేతికి రాదు. శాశ్వతంగా వెళ్లిపోతున్నామని ప్రమాణపత్రం ఇస్తే ముందే ఇస్తారు గానీ, ఆ కారణం జీవితంలో ఒక్కసారే చెల్లుతుంది. భయపడి దాన్ని వాడుకోకండి. మీ కంపెనీ వ్యాపారం అమెరికా, చైనాల మధ్యే నడుస్తుంటే కరెన్సీ కంటే ముందు మీ ఉద్యోగానికే ముప్పు. ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా విడిగా ఉంచుకోండి.