గొట్టం ఉన్నా కట్టెల పొయ్యి పొగ వంటింట్లోకే తంతోంది, ఏం చేయాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి మీది డాబా ఇల్లు, రెండు గిన్నెల మట్టి పొయ్యి. 4 అంగుళాల గొట్టాన్ని గోడలోంచి బయటికి తిప్పి పైకి లేపారు. వెలిగించగానే పొగ పొయ్యి నోట్లోంచి వెనక్కి వస్తోంది. గొట్టానికి ఫ్యాన్ బిగించమని ఎవరో అన్నారట. ఇప్పుడే వద్దు, ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది.

పొయ్యి చల్లగా ఉన్నప్పుడు నోటి దగ్గర అగరుబత్తి పెట్టండి. పొగ మీ వైపు వస్తే గొట్టంలోంచి గాలి కిందికి దిగుతోందన్నమాట. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి మళ్లీ చూడండి. సర్దుకుందా? అయితే కారణం ఆ ఫ్యానే. అది బయటికి తోసే గాలికి బదులు గాలి గొట్టంలోంచి వస్తోంది. పొయ్యి మండినంతసేపూ దాన్ని ఆపి ఉంచండి.

ఫ్యాన్ కాకపోతే డాబా ఎక్కండి. గొట్టం కొస పిట్టగోడ కంటే కిందే ఆగిపోవడం మన డాబాల మీద తరచూ కనిపించే లోపం. గోడ దాటిన గాలి సుడి తిరిగి గొట్టంలోకి దిగుతుంది. చుట్టూ 10 అడుగుల లోపున్న పిట్టగోడ, ట్యాంకు, మెట్ల గది, వీటన్నిటికంటే కొస 2 అడుగులు ఎత్తుండాలి. డాబా మీద నుంచి చూస్తే 3 అడుగులకు తగ్గకూడదు. వానకు పెట్టే టోపీకీ గొట్టం మూతికీ మధ్య 4 అంగుళాల ఖాళీ వదలండి.

లోపల చుట్టూ అర అంగుళం మసి పట్టినా 4 అంగుళాల గొట్టం 3 అంగుళాలైనట్టే. అంటే దారిలో 44 శాతం పోయింది. రోజూ వండే పొయ్యికి నెలకోసారి తాడుకు బ్రష్ కట్టి పైనుంచి దించి దులపాలి. ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టమైతే మాత్రం గీకొద్దు, కోయొద్దు, కొట్టొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇనుప గొట్టం వేసుకోవడమే మేలు. అప్పుడే 90 డిగ్రీల ఎల్బో (గొట్టాన్ని మలిపే ముక్క) తీసేసి రెండు 45 డిగ్రీలవి వేయించండి. అడ్డంగా పోయే ముక్క 2 అడుగులు మించకుండా, బయటికి పోయేకొద్దీ పైకి వాలుగా ఉండాలి.

ఇక పొయ్యి సంగతి. గొట్టానికి దగ్గరున్న రెండో కన్ను మీద గిన్నె లేకపోతే గొట్టం పొగకు బదులు గదిలోని చల్లగాలినే లాగేస్తుంది. దానికి సరిపడే గిన్నెనో మూతనో పెట్టాలి. గొట్టం పొయ్యిని కలిసేచోట పగుళ్లుంటే బంకమట్టి, ఊక, పేడ కలిపి మెత్తండి. సిమెంటు ఆ వేడికి పగులుతుంది. వెలిగించే ముందు ఆ రెండో కంట్లో ఎండు కొబ్బరాకో రెండు కాగితాలో ఒక నిమిషం మండించి, దాన్ని మూసేసి, అప్పుడు పొయ్యి నోట్లో కట్టెలు అంటించండి. గోడ బయటి గొట్టం చల్లగా ఉంటుంది కాబట్టి వేడెక్కితే గానీ లాగదు.

ఎండాకాలం మధ్యాహ్నం ఎంత చేసినా లాగుడు తగ్గుతుంది. గొట్టంలో పొగ 100 డిగ్రీలుంటే, బయట 15 డిగ్రీలున్న రోజుతో పోలిస్తే 42 డిగ్రీల రోజున లాగుడు మూడో వంతుకు పైగానే తగ్గుతుంది. అప్పుడు పచ్చి కట్టె అసలు పనికిరాదు. చీల్చి ఆరు నెలలు ఆరిన సరుగుడో తుమ్మో సన్నగా చీల్చి వాడండి.

వంటయ్యాక నిప్పులు మిగిలి ఉండగా కిటికీ మూయకండి. మంట లేని నిప్పుకు లాగుడు తక్కువ, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.