డ్రెస్ మార్చుకుని ఫోన్ చేస్తున్న అమ్మ

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. కాకినాడలో బీటెక్ ఫస్టియర్ చదువుతున్నా, హాస్టల్లో ఉంటున్నా. నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు అమ్మ కువైట్ వెళ్ళింది, ఇంటి పనికి. రెండు మూడేళ్ళకోసారి వస్తుంది. నన్ను అమ్మమ్మే పెంచింది. రూంలో మేం నలుగురం. ఒకమ్మాయిది వైజాగ్, వాళ్ళ నాన్న బ్యాంకు మేనేజరు. ఒకమ్మాయిది గుంటూరు, వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ లెక్చరర్లు. ఇంకో అమ్మాయి శ్రీకాకుళం సైడు, పెద్దగా మాట్లాడదు. చేరిన రోజే మీ అమ్మ ఏం చేస్తారు అని అడిగితే కువైట్‌లో నర్సు అనేశాను. అప్పట్నుంచి అదే నడుస్తోంది. ఒకసారి అమ్మ వీడియో కాల్ చేస్తే వెనకనుంచి చూసి ఆ డ్రెస్ ఏంటి అన్నారు, హాస్పిటల్ యూనిఫాం అని చెప్పా. తర్వాత అమ్మ మీద కోప్పడ్డాను, ఇప్పుడు అమ్మ డ్రెస్ మార్చుకునే ఫోన్ చేస్తుంది. సమస్య ఏంటంటే సంక్రాంతి వాళ్ళిళ్ళల్లో చేసుకుని కనుమకి అందరూ మా ఊరు వస్తామంటున్నారు, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంట, అదే, వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల మీద ఊళ్ళ దేవుళ్ళని మోసుకొచ్చే తీర్థం. మా ఇంటికొస్తే పక్కింటి పిన్ని ఒక్కత్తి చాలు, అంతా చెప్పేస్తుంది. వాళ్ళని రాకుండా ఎలా ఆపాలి? అసలు నాకు ఇక్కడ ఎవరితోనూ కలవడం రావట్లేదు, ఇంగ్లీషు భయం, ఎవరూ నా వాళ్ళు అనిపించట్లేదు. సెకండ్ సెమిస్టర్‌కి హాస్టల్ మారిపోనా, లేకపోతే రోజూ ఇంటి నుంచి తిరగనా?

జవాబు: హాస్టల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా, మారొద్దు. ఇంటి నుంచి తిరగడం అసలే వద్దు. అంబాజీపేట నుంచి అమలాపురం వచ్చి బస్సు మారి ముమ్మిడివరం, ఎదుర్లంక బ్రిడ్జి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి మళ్ళీ సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం అంటే ఇంక చదివేదెప్పుడు, ఎమ్ వన్, అదే మ్యాథ్స్ పేపరు, పోవడం గ్యారంటీ. ఇంగ్లీషు భయం ఫస్టియర్‌లో చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పరంతే, నాలుగు ల్యాబ్ వైవాలు అయ్యేసరికి నోరు అదే తిరుగుతుంది. కలవలేకపోతున్నా అన్నావే, అదొక్కటే నువ్వు నిజంగా పడుతున్న బాధ, కానీ దానికి కారణం ఇంగ్లీషూ కాదు హాస్టలూ కాదు.

అబద్ధం ఒకటి నెత్తిన పెట్టుకుని ఎవరితో కలుస్తావు తల్లీ? పక్కన కూర్చున్న పిల్ల ఊరికే మీ అమ్మది నైట్ షిఫ్టా అన్నా నీ గుండె ఝల్లుమంటుంది, ఏ హాస్పిటలో అడుగుతుందేమో అని ముందే లేచి వెళ్ళిపోతావు, మెస్‌లో మూల చూసుకుని కూర్చుంటావు, మళ్ళీ ఎవరూ నా వాళ్ళు కాదని ఏడుస్తావు. వాళ్ళు నిన్నేం దూరం పెట్టలేదమ్మా. పండగ పూట ఇల్లు వదిలి, పల్లెటూరని కూడా చూడకుండా మీ ఇంటికి వస్తామంటున్నారు, దూరం పెట్టేవాళ్ళు ఎవరైనా అలా అంటారా?

ఇక అసలు సంగతికి వస్తా. నీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలని మాట ఒకటుంది, నువ్వేమో దాన్ని చెప్పేసి అలా దాటేసి రూమ్మేట్స్ దగ్గరికి వెళ్ళిపోయావు. అమ్మ డ్రెస్ మార్చుకునే ఫోన్ చేస్తుంది అని రాశావు.

కువైట్‌కి మనకి రెండున్నర గంటలు తేడా. అక్కడ రాత్రి పది అయితే నీకు పన్నెండున్నర. పొద్దున ఆ ఇంటి పిల్లల్ని స్కూలుకి రెడీ చేసిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు తోమి వంటగట్టు తుడిచేదాకా ఆవిడ కాళ్ళ మీదే ఉంటుంది. శుక్రవారం సెలవంటారు గానీ అది ఆ ఇంటివాళ్ళకి సెలవు, బంధువులంతా వచ్చి పడతారు, పని ఇంకా రెట్టింపు. ఇంత చేసి ఇంక నడుం వాల్చాల్సిన మనిషి, నిన్ను చూడ్డానికి ముందు యూనిఫాం విప్పి, మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచిది కట్టుకుని, వెనకాల గిన్నెలూ గట్రా కనపడని గోడ ఒకటి వెతుక్కుని అప్పుడు ఫోన్ చేస్తోంది. ఎందుకు మార్చుకోమంటున్నావే అని ఆవిడ నిన్ను అడిగిందా? అడిగినట్టు నువ్వు రాయలేదు. అంటే అడక్కుండానే అర్థమైపోయిందన్నమాట.

నాకు కోపం వచ్చింది, దాచను. తల్లి చేసే పనికి పిల్లలు తలదించుకోవడం నేను ఒప్పుకోను, ఎంత చిన్న వయసైనా ఒప్పుకోను. ఆవిడ ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు, కద్దామా వీసా, అంటే ఇంటి పనివాళ్ళ వీసా మీద వెళ్ళి ఇన్నేళ్ళు చాకిరీ చేసి నిన్ను ఇంజనీరింగ్‌లో కూర్చోబెట్టింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా హాస్టల్ బిల్లు, మెస్ బిల్లు, ఆ చేతిలో ఫోను ఎక్కడివి? ఇంటికి కార్గో వచ్చినప్పుడు అందులో చాక్లెట్లు, ఖర్జూరాలు, సెంటు సీసాలు రూంలో పంచే ఉంటావుగా, అప్పుడు కువైట్ అని చెప్పుకోడానికి సిగ్గనిపించలేదు కదా. మీ కోనసీమలో ఇదేమైనా వింతా? రాజోలు నుంచి అమలాపురం దాకా ఏ ఊరు తీసుకున్నా గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు ఉంటారు, ఆ డాబాలు, ఆ పిల్లల చదువులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు వాళ్ళ రెక్కల కష్టంతో లేచినవే. ఊళ్ళో తలెత్తుకు తిరిగే పిల్లవి కాకినాడ వెళ్ళేసరికి నీకేమొచ్చింది?

ఏమొచ్చిందో నాకూ తెలుసులే. మీ నాన్నేం చేస్తారు, మీదే ఊరు, మీరేమిట్లు అని కాలేజీలో అడిగేవాళ్ళు అందరూ ఊరికే అడగరు, మనల్ని ఏ గట్టున కూర్చోబెట్టాలో తేల్చుకోడానికి అడుగుతారు. బ్యాంకు మేనేజరు, లెక్చరర్లు అని విన్నాక పద్దెనిమిదేళ్ళ పిల్ల నోట్లోంచి నర్సు అని వచ్చేసింది, ఆ ఒక్క మాటకి నిన్ను తప్పు పట్టను. తర్వాత అమ్మ మీద కోప్పడ్డావు చూడు, దానికి తప్పు పడుతున్నా.

ఇంకో మాట. నీకు అమ్మ పని మీద సిగ్గు కన్నా అమ్మ వదిలేసి వెళ్ళిందన్న కోపమే ఎక్కువుందని నా అనుమానం. నాలుగో క్లాసు అంటే తొమ్మిదేళ్ళు. నువ్వు పెద్దమనిషి అయినప్పుడు పక్కన ఎవరున్నారు, అమ్మమ్మే కదా. ఓణీల ఫంక్షన్‌కి అమ్మ వచ్చిందా, లేక ఎవరో ఫోన్ పట్టుకుని చూపిస్తే అక్కడ వంటింట్లో నిలబడి చూసిందా? స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అన్నప్పుడల్లా ముసలావిడ చెయ్యి పట్టుకుని వెళ్ళిన పిల్లకి కోపం ఉండదా, ఉంటుంది, ఉండాలి కూడా. మీ నాన్నగారి గురించి ఇంత ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, నేనూ అడగను, కానీ ఆవిడ ఎందుకు వెళ్ళాల్సొచ్చిందో అందులోనే సగం ఉంటుంది, ఆ కోపంలో కొంత ఆయన వాటాకి కూడా వెళ్ళాలేమో ఆలోచించుకో. అమ్మ మీద కోపం ఉంటే అమ్మతోనే చెప్పు. నన్నెందుకు వదిలేసి వెళ్ళావమ్మా, నాకు నువ్వు లేక ఎంత కష్టమైందో తెలుసా అని గట్టిగా ఏడువు, ఆవిడా ఏడుస్తుంది, ఏం పర్లేదు, ఇద్దరూ ఏడవాల్సిందే అది. ఆ ఏడుపు మింగేసి ఆవిడ వేసుకున్న డ్రెస్ మీద చూపించకు.

ఇవాళ రాత్రే మాట్లాడు. పెద్ద క్షమాపణలు అక్కర్లేదు, అవి మనకి నోట రావు కూడా. పని అయిన వెంటనే చెయ్యమ్మా, డ్రెస్ మార్చుకోవద్దు, ఎలా ఉంటే అలా చెయ్యి అని చెప్పు, చాలు. కారిడార్లోకో బాత్రూం పక్కకో పరిగెత్తకుండా నీ మంచం మీద కూర్చుని మాట్లాడు. మిగతావాళ్ళు పడుకుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, అంతేగానీ ఎవరో చూస్తారని మాత్రం లేవకు.

రూంలో వాళ్ళకి ఎలా చెప్పాలి అంటావా, మైకు పట్టుకుని చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం అమ్మాయికి ముందు చెప్పు. ఆ పిల్ల పెద్దగా మాట్లాడదు అన్నావు, మిగతా ఇద్దరి అమ్మానాన్నలు ఏం చేస్తారో రాశావు, తనవాళ్ళు ఏం చేస్తారో రాయలేదు. తనని ఎప్పుడైనా అడిగావా? ఆ జిల్లా నుంచి ఎంతమంది పొట్ట చేత్తో పట్టుకుని వలస పోతారో తెలీదా, కొందరు చేపల వేటకి గుజరాత్ వేరావల్ దాకా వెళ్తారు, ఆ పిల్ల కూడా ఏదో లోపలే దాచుకుని కూర్చుందేమో. తర్వాత మిగతా ఇద్దరికీ చెప్పు, మా అమ్మ నర్సు కాదు, ఇళ్ళల్లో పని చేస్తుంది, ఆ రోజు నోటికొచ్చింది అనేశాను అని. రెండు రోజులు ఇబ్బందిగా ఉంటుంది. ఒకరిద్దరు ఎందుకు అబద్ధం చెప్పావు అని అలుగుతారు, అలగనీ, అది వాళ్ళ హక్కు. చులకనగా చూశారో, అలాంటి స్నేహం పోయిందని బాధపడకు. అది దాటి వెక్కిరించి ఏడిపిస్తే మాత్రం ఊరుకోవద్దు, వార్డెన్‌కి చెప్పు, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. నిద్ర పట్టక, తిండి సహించక రోజులు గడుస్తుంటే మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి చెయ్యి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వు అడగని విషయం ఒకటి చెప్తా, చదువుకున్న కూతురు అన్నాక ఇది నీ డ్యూటీ. అమ్మ పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో నీకు తెలుసా? ఆ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఆవిడ దగ్గరా, కఫీల్ దగ్గరా, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గరా? కువైట్‌లో ఇంటి పనివాళ్ళకి 2015లో చట్టం వచ్చింది, 68వ నంబరు. రోజుకి 12 గంటల కన్నా ఎక్కువ పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, ఏడాదికో నెల జీతంతో సెలవివ్వాలి, వాళ్ళు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు పట్టుకోకూడదు, పని మానేసి వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం కట్టివ్వాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లని పెట్టారు. కాగితం మీద ఉన్నవన్నీ ఆ ఇంట్లో జరుగుతున్నాయో లేదో అడిగే మనిషి ఉండాలి కదా, ఇన్నేళ్ళలో నువ్వు తిన్నావా అని ఆవిడ అడగడమేగానీ నీకు వారానికో రోజు సెలవిస్తున్నారా అమ్మా అని నువ్వు ఒక్కసారైనా అడిగావా? పదో తరగతి పాసవ్వని వాళ్ళకి మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి చోట్లకి పనికి వెళ్ళేముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు ఉంటుంది, దాని మీద వెళ్ళేవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన అని 10 లక్షల బీమా ఉంది, ప్రమాదంలో పోయినా శాశ్వతంగా మంచాన పడినా వస్తుంది, రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. అమ్మది చెల్లుబాటులో ఉందా, ఎప్పుడో అయిపోయిందా చూడు. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), అగ్రిమెంటు ఫొటోలు తీసి పంపమని నీ ఫోన్లో పెట్టుకో, కఫీల్ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, అక్కడి ఇండియన్ ఎంబసీ నంబరు రాసిపెట్టుకో. ఊళ్ళో ఏజెంటు చెప్పిందే వేదం అనుకుని నడిచే రోజులు మీ ఇంట్లో నీతో అయిపోవాలి.

ఇక కనుమ. రానీ వాళ్ళని. చెప్పాల్సింది వాళ్ళు టికెట్లు బుక్ చేసుకోకముందే చెప్పేయి, పక్కింటి పిన్ని నోటి నుంచి వినకూడదు, నీ నోటి నుంచే వినాలి. అమ్మమ్మకి కూడా ముందే చెప్పు, నలుగురు పిల్లలొస్తున్నారని, ఆవిడకి అదే పెద్ద పండగ. జగ్గన్నతోటకి పొద్దున్నే భోజనాలు కానిచ్చుకుని బయల్దేరండి, మధ్యాహ్నం దాటితే మొసలపల్లి దారి కదలదు, బళ్ళు ఎక్కడో ఆపేసి నడవాలి. పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, ఒక చోట చేరతారని, అక్కడ గుడి కూడా లేదు ఉత్త కొబ్బరితోటేనని వాళ్ళకి ముందే చెప్తే ఇంకా ముచ్చటపడతారు, 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పుడు గట్టు మీద ముందే చోటు పట్టుకోండి, ఆ నీళ్ళల్లోంచి ప్రభని ఒరగనివ్వకుండా మోసుకొస్తుంటే చూడాల్సిందే. మీ అమ్మ కూడా చూసి ఎన్నేళ్ళయిందో, అక్కడ పని మధ్యలో ఒక్క ఐదు నిమిషాలు వీలవుతుందేమో అడిగి వీడియో కాల్ చెయ్యి, గట్టు మీద నిలబడి నీ రూమ్మేట్స్‌కి అమ్మని చూపించు.