జర్మనీ నుంచి తిరిగి వస్తున్న అమ్మాయి గురించి

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ, ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్‌కు జర్మనీ వెళ్లింది. మార్చి నెలాఖరుకు వస్తుంది. ఫోన్‌లో ముభావంగా ఉంటోంది, రావాలని లేదంటోంది. అక్కడి మార్కులు ఇక్కడ చెల్లుతాయా? రాగానే ప్లేస్‌మెంట్ కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: కోచింగ్ కంటే ముందు, ఆమె అక్కడ ఉండగానే తెమలవలసిన పనులు ఉన్నాయి. ఐరోపా లెక్కలో ఒక సెమిస్టర్‌కు సాధారణంగా 30 క్రెడిట్లు. వాటిని ఇక్కడి క్రెడిట్లుగా మార్చడానికి మార్కుల పత్రం ఒక్కటే సరిపోకపోవచ్చు కాబట్టి, ప్రతి సబ్జెక్టు సిలబస్‌నూ బోధన గంటల వివరాలనూ వెంట తెచ్చుకోమనండి. జర్మనీలో 1.0 అత్యుత్తమ గ్రేడు, 4.0 వస్తే పాస్, 5.0 అయితే ఫెయిల్. ఈ సంగతి తెలియనివారు 1.3ను చూసి తక్కువ మార్కులనుకునే ప్రమాదం ఉంది గనుక, గ్రేడింగ్ విధానాన్ని వివరించే పత్రం కూడా తప్పనిసరిగా తీసుకోవాలి. ఏ సబ్జెక్టుకు సమానత ఇస్తారో, దేనికి మళ్లీ పరీక్ష రాయవలసి వస్తుందో కాలేజీ నుంచి ఇప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. నగర కార్యాలయంలో నివాస నమోదు రద్దు చేయించుకోవడం, బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఖర్చుల సొమ్ము ముందే జమచేసి, నెలనెలా కొంత తీసుకునే బ్యాంకు ఖాతా), ఆరోగ్య బీమా, ఇంటి అడ్వాన్సు లెక్కలు తేల్చుకోవడం విమానం ఎక్కకముందే పూర్తి కావాలి.

ఇక ఆమె ముభావం గురించి. దాన్ని మీపై అయిష్టంగా భావించకండి. విదేశంలో చదివి వచ్చినవారు స్వదేశంలోనూ మరోసారి సర్దుబాటు కష్టానికి లోనవుతారని అమెరికా పరిశోధకులైన గల్లాహార్న్ దంపతులు 1963లోనే రాశారు. వెళ్లేటప్పుడు కష్టం ఉంటుందని అందరూ హెచ్చరిస్తారు, తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ హెచ్చరించరు. నా దృష్టిలో రెండోదే బరువైనది. వంట, సరుకులు, బస్సు పాసు, ఖర్చుల లెక్క అన్నీ ఒంటరిగా చూసుకున్న పిల్లను, సాయంత్రం ఆరు దాటితే ఎక్కడున్నావని అడిగే ఇంట్లోకి తీసుకువస్తున్నారు. ఆ స్వేచ్ఛలో కొంతైనా ఆమెకు మిగల్చండి. బంధువుల ముందు నిలబెట్టి జర్మనీ విశేషాలు చెప్పించకుండా, ఆమె చెప్పాలనుకున్న రోజున తీరిగ్గా వినండి.

చాలా కాలేజీల్లో క్యాంపస్ ఎంపికలు నాలుగో సంవత్సరంలోనే ఊపందుకుంటాయి కనుక ఏప్రిల్‌లోనే కోచింగ్ అవసరం లేదు. రెండు మూడు వారాలు ఆగండి. ఆ వ్యవధిలో అక్కడ చేసిన ప్రాజెక్టును, తాను స్వయంగా చేసిన భాగాన్ని స్పష్టంగా చూపిస్తూ, రెజ్యూమెలో రాసుకోమనండి. సిఫారసు లేఖ కావాలంటే, ఆచార్యులకు ఆమె ముఖం గుర్తుండగానే, అక్కడి నుంచి బయలుదేరేలోపే అడగడం మేలు. జర్మన్ భాష కొంత వచ్చి ఉంటే వదిలేయనివ్వకండి. మీకు దగ్గర్లోని చెన్నైలో గోథే ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు నిర్వహిస్తుంది.