సీసాడు నీటిలో పులస జాడ

ప్రశ్న: వరదల కాలం వచ్చిందంటే మా ఊళ్లో అందరి నోటా పులస మాటే. ఒక సీసాడు నదీజలాన్ని పరీక్షించి, అందులో ఏయే జీవులున్నాయో చెప్పవచ్చని ఈమధ్య చదివాను. వల వేయకుండా అదెలా సాధ్యం? పులస ఆనకట్ట దాకా వచ్చిందో లేదో కూడా అలా తెలుస్తుందా?
- ఒక పాఠకుడు, ధవళేశ్వరం

జవాబు: నీటిలో బతికే ప్రతి ప్రాణీ ఒంటి జిగురు, రాలిన చర్మకణాలు, విసర్జకాలు, గుడ్ల రూపంలో తన డీఎన్‌ఏను నిత్యం నీటిలోకి వదులుతూనే ఉంటుంది. అలా పరిసరాల్లో మిగిలిపోయినదానినే పర్యావరణ డీఎన్‌ఏ అంటున్నారు. ఒకటి రెండు లీటర్ల నీటిని, అర మైక్రాన్‌కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించని రంధ్రాలున్న తెల్లని వడపోత బిళ్ల గుండా పంపి, దానిపై పట్టిన పదార్థం నుంచి డీఎన్‌ఏను వేరుచేసి, పీసీఆర్ పద్ధతిలో దాని నకళ్లను పెంచుతారు. వెతికేది ఒకే జాతి అయితే దాని డీఎన్‌ఏకు మాత్రమే అతికి, నకళ్లు తీయడం మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు (ప్రైమర్లు) చాలు. చేపలన్నిటి జాబితా కావాలంటే, అన్నిటిలోనూ ఉంటూ జాతిని బట్టి డీఎన్‌ఏ అక్షరాల వరుస మారే ఒక చిన్న ముక్కను చదివి, ముందే సేకరించి ఉంచిన నమూనాల వరుసలతో పోలుస్తారు. కేంద్రకంలోని డీఎన్‌ఏ కణానికి రెండు ప్రతులే ఉంటే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోనిది వందలు, వేల ప్రతులుంటుంది కనుక సాధారణంగా దానినే ఎంచుకుంటారు.

ఫ్రాన్స్‌లో చెరువుల్లోకి చొరబడిన అమెరికా బుల్‌ఫ్రాగ్ జాడను నీటి నమూనాల నుంచే పట్టుకోవచ్చని 2008లో చూపించిన పరిశోధనతో ఈ పద్ధతి జీవావరణ శాస్త్రవేత్తల దృష్టిని బాగా ఆకర్షించింది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించిపోయే జీవుల పరిరక్షణకు పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల వారు చిల్కా సరస్సు నీటిపై ఇటువంటి పని చేశారు.

ఇక పులస సంగతి. సముద్రంలో ఇలసగా ఉండి, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీది వచ్చాక పులస అనిపించుకునేది ఒకే జాతి చేప. కనుక జాతిని గుర్తించడం సాధ్యమే కానీ, ఆ డీఎన్‌ఏ ఇలసదా పులసదా అన్నది పరీక్ష చెప్పలేదు. మరో చిక్కు కూడా ఉంది. బయటి ప్రాంతాల నుంచి మంచులో వచ్చిన ఇలసను ఒడ్డున కోసి, కడిగిన నీళ్లు కాలువలో పారబోస్తే, దిగువన తీసిన సీసాలో దాని డీఎన్‌ఏ కూడా దొరుకుతుంది. అందుచేత నమూనాను చేపల బజారుకు, మురుగుకాలువలు కలిసే చోట్లకు ఎగువన తీయాలి. పైగా పులస కాలమంటేనే ఎర్రనీటి కాలం. ఒండ్రుతో చిక్కబడిన నీటికి వడపోత బిళ్ల కాసేపట్లోనే గోధుమరంగుకు తిరిగి మూసుకుపోతుంది, ఆ మట్టితో వచ్చే కొన్ని పదార్థాలు పీసీఆర్‌ను కూడా అడ్డుకుంటాయి.

ప్రశ్న: ఒక జీవి డీఎన్‌ఏ దొరికితే అది అక్కడే నివసిస్తున్నట్టా? దొరక్కపోతే లేనట్టా?
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: రెండూ ఖాయంగా చెప్పలేం, ముఖ్యంగా పారే నీటిలో. స్విట్జర్లాండ్‌లోని గ్లాట్ నదిలో, పైనున్న సరస్సులోని నీటి ఈగ (డాఫ్నియా అనే చిన్న నీటి జీవి) డీఎన్‌ఏ సుమారు 12 కిలోమీటర్ల దిగువన కూడా దొరికిందని 2014లో వెల్లడైంది. కాబట్టి సీసాడు నీరు ఆ రేవు గురించే కాక ఎగువనున్న ప్రవాహం గురించి కూడా చెబుతుంది. ఎండకు, వేడికి, సూక్ష్మజీవులకు డీఎన్‌ఏ రోజుల్లో, మహా అయితే వారాల్లో శిథిలమవుతుంది కనుక నీటిలో దొరికినది ఇటీవలి జాడే అనుకోవచ్చు. కానీ అడుగున పేరుకున్న బురదలో అది చాలాకాలం నిలుస్తుంది, వరద ఆ బురదను కదిపితే పాత జాడ మళ్లీ నీటిలోకి వస్తుంది.

అమెరికాలోని షికాగో ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. ఆసియా కార్ప్ చేపలు మిషిగన్ సరస్సులోకి చేరకుండా కాలువలో విద్యుత్ అడ్డుగోడ పెట్టగా, దానికి అవతల కూడా వాటి డీఎన్‌ఏ ఉన్నట్టు 2009లో తేలింది. పక్షులు, పడవలు, చచ్చిన చేపలు దానిని మోసుకొచ్చి ఉండవచ్చన్న వాదన చెలరేగింది. 2010 జూన్‌లో అవతలి కాల్యుమెట్ సరస్సులో ఆ ఆసియా కార్ప్‌లలో ఒక రకమైన బిగ్‌హెడ్ కార్ప్ బతికున్నది ఒకటి వలకు చిక్కింది. అలాగని మోసుకొచ్చే అవకాశం అబద్ధమని ఆ ఒక్క చేపతో తేలిపోలేదు.

దొరకకపోవడానికి కారణాలు ఇంకా ఎక్కువ. జీవులు కొద్దిగా ఉండవచ్చు, నీరు ఎక్కువై డీఎన్‌ఏ పలచబడి ఉండవచ్చు, పోల్చడానికి ఆ జాతి నమూనా వరుసే నమోదై ఉండకపోవచ్చు. మన ఏరుల్లోని చిన్న చేపల విషయంలో ఈ చివరి లోటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. వయసు, ఆడామగా తేడా ఈ పద్ధతిలో తెలియవు, సంఖ్య కూడా నికరంగా తెలియదు.

ప్రశ్న: మా కళాశాల విద్యార్థులతో నమూనాలు తీయించాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు అవసరం?
- ఒక అధ్యాపకుడు, ఏలూరు

జవాబు: నీటిలోకి దిగకండి. దిగక తప్పకపోతే ప్రవాహానికి ఎదురుగా నిలబడి మీకు ఎగువనున్న నీటినే ముంచండి, దిగువ రేవుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ప్రతి చోటా కొత్త చేతితొడుగులు, కొత్త సీసా వాడండి. ఒక సీసాలో శుద్ధజలం తీసుకెళ్లి, అక్కడే మూత తీసి, మిగతావాటితో పాటే వడపోయండి. అందులో కూడా చేప డీఎన్‌ఏ కనిపిస్తే ఆ రోజు నమూనాలను నమ్మకూడదు. సీసాలను మంచులో ఉంచి అదే రోజు వడపోసి, బిళ్లలను ఆల్కహాల్‌లో భద్రపరచండి. బయలుదేరేముందు ఆ రేవులో వల వేసే మత్స్యకారులను కలిసి, ఏ చేప ఏ నెలలో ఏ మడుగులో పడుతుందో రాసుకోండి. ప్రయోగశాల నుంచి వచ్చిన జాబితాలో కొర్రమీను లేకపోతే, తప్పు నదిలో ఉందో మీ సీసాలో ఉందో ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.