ఆరడుగుల దూరంలో ఉన్నా జబ్బు ఎలా అంటుకుంది?

జ్వరం వచ్చిన మనిషికి ఆరడుగుల దూరంలోనే ఉన్నాం, ముట్టుకోలేదు, అయినా మాకెలా అంటుకుందని అడిగారు. 2021 మేలో మా ఇంట్లో అచ్చం ఇలాగే జరిగింది. నాన్నకి కరోనా వస్తే బెడ్‌రూమ్‌లో ఉంచి తలుపు వేశాం. అమ్మ కంచం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేది. ఐదో రోజుకి ఆవిడకీ జ్వరం.

దూరం లెక్క పెద్ద తుంపర్లకి సరిపోతుంది. వెంట్రుక మందాన, అంటే 100 మైక్రాన్లు ఉన్న తుంపర నోటి ఎత్తు నుంచి ఐదారు సెకన్లలో నేలకి చేరుతుంది. కానీ వ్యాసం పదోవంతుకి తగ్గితే దిగే వేగం దాదాపు నూరోవంతుకి పడిపోతుంది. 10 మైక్రాన్లదానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్‌దైతే పన్నెండు గంటలు దాటుతుంది, అదీ గాలి కదలని గదిలో. ఫ్యాన్ తిరిగే ఇంట్లో ఇక అది దిగేదెప్పుడు! పైగా చిన్న తుంపర్లు పడేలోపే ఆరిపోతాయి. నీరు పోగా ఉప్పు, చీమిడి, వైరస్ ఉన్న నలుసు తేలుతూ ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే ఈ లెక్క కట్టాడు.

ఇద్దరూ కోలుకున్నాక నాన్న గదిలో అగరుబత్తి వెలిగించి చూశాను. ఆ పొగ నలుసులు ఒక మైక్రాన్ లోపే ఉంటాయి కాబట్టి పోలిక బాగానే కుదురుతుంది. కిటికీలు మూసి, స్ప్లిట్ ఏసీ వేసి ఉంచితే, తలుపు కింది సందులోంచి వాసన హాల్లోకి వచ్చేసింది. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు, ఉన్నదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. అదే గదికున్న బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, సందు దగ్గర గాలి హాల్లోంచి గదిలోకి లాగింది. ఆ స్విచ్ ఐదు రోజులూ మా చేతికి అందేంత దూరంలోనే ఉంది!

2020 జనవరి 24న చైనాలో, గ్వాంగ్‌జౌలోని ఒక హోటల్‌లో పక్కపక్క టేబుళ్ల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కరోనా తేలింది. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మధ్యే తిరిగింది. అక్కడా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మూసే ఉన్నాయి.

ఈసారి ఎవరికైనా వస్తే వాళ్ల గది కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ ముందు బయటి వైపుకి తిప్పి పెట్టండి. కంచం ఇచ్చేటప్పుడు ఎన్‌95 మాస్క్ ముక్కు దగ్గర సందు లేకుండా ఉండాలి.