సీహాక్ ముక్కు ఎందుకు చిట్లుతోంది?

కాగితం మోడళ్ల మీద ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ విశాఖపట్నం నుంచే.

ప్రశ్న: డాక్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యాను. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ మీద నుంచి ఎగిరిన సీహాక్ యుద్ధవిమానాన్ని బుల్లి సైజులో కాగితంతో చేద్దామని 1:33 డ్రాయింగ్‌ను (అసలు విమానంలో 33వ వంతు సైజు) 1:100కి తగ్గించి ప్రింట్ తీశాను. ముక్కు దగ్గర కాగితం చుట్టుకోదు, గట్టిగా చుడితే చిట్లుతోంది. అతుకుల దగ్గర తెల్ల గీతలు. నా చేతిలో పనితనం లేదా, లేక వయసా?
- ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: వయసూ కాదు, పనితనమూ కాదండీ, కాగితం. మీరు ఏది వాడారో రాయలేదు గానీ చిట్లుతోందంటే 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) షీటే అయ్యుంటుంది, 1:33 మోడళ్లకు ఎక్కువమంది అలాంటిదే వాడమంటారు. బొమ్మ మూడో వంతుకు తగ్గింది, కాగితం మందం తగ్గలేదు కదా! ఆ షీటు సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. 1:100లో లెక్కేస్తే అసలు విమానానికి రెండున్నర సెంటీమీటర్ల మందం రేకు తొడిగినట్టు, అది ఎలా వంగుతుంది? జిరాక్స్ షాపులో దొరికే 80 జీఎస్ఎం, మరీ పలచగా అనిపిస్తే 100. అంతకు మించొద్దు.

సీహాక్ పొడవు, రెక్కల వెడల్పు రెండూ ఇంచుమించు 12 మీటర్లే, అంటే మీ మోడల్ 12 సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. ఆ సైజుకి డ్రాయింగ్‌లో ఉన్న ముక్కలన్నీ అక్కర్లేదు. చక్రాల గూళ్లలో పైపులు, కాక్‌పిట్ లోపలి మీటర్లు మొహమాటం లేకుండా తీసేయండి. బాడీ ఆకారం నిలవడానికి లోపల పెట్టే గుండ్రటి అట్ట చక్రాలు డ్రాయింగ్‌లో ఉన్నవాటిలో సగం చాలు, వాటికి పాత శుభలేఖల అట్ట బాగుంటుంది (మన ఇళ్లలో వాటికేం కొదవ!). అట్ట చక్రాన్ని గీత మీద కాకుండా గీతకి లోపలగా కత్తిరించి, గరుకు కాగితంతో అంచు రుద్ది పెట్టండి, లేకపోతే బాడీ మీద పక్కటెముకల్లా పైకి తేలతాయి.

ఇక ముక్కు. కాగితానికి ఒక వాటం ఉంటుంది, మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూస్తే ఏ వైపు సులువుగా లొంగుతుందో చేతికే తెలుస్తుంది. బాడీ ముక్కలు ఆ వైపే చుట్టుకునేలా ప్రింట్ తీసేటప్పుడే తిప్పుకోండి. కత్తిరించాక ముక్క వెనకవైపు నోటితో ఒక్కసారి ఆవిరి ఊది, అరచేతిలో పెట్టి అయిపోయిన రీఫిల్‌తో మెల్లగా దొర్లిస్తే దానంతటదే గుండ్రం తిరుగుతుంది. అది గుండ్రం తిరిగాకే జిగురు, ముందు కాదు. ఫెవికాల్ సీసాలోంచి నేరుగా పిండకండి, కొబ్బరి ఈనె కొసకి అంటినంత చాలు. అంచుల్లో అంటించడానికి వదిలిన చెవుల్ని ఈ సైజులో కోసేసి, లోపల సన్నని కాగితం పట్టీ వేసి అంచుకి అంచు చేర్చాలి. తెల్ల గీతలంటారా, అవి కాగితం కోత అంచులు. అంటించే ముందే ఆ అంచుకి అదే రంగు పెన్సిల్ రాస్తే గీత మాయం.

ఒక్క చోట మాత్రం తొందరపడొద్దు. సీహాక్‌లో ఇంజిన్ పొగ తోక నుంచి రాదు, గొట్టం రెండుగా చీలి రెక్కల మొదట్లో వెనకవైపు, అటొకటి ఇటొకటి బయటికొస్తుంది. అలా చేయడం వల్ల వెనక బాడీలో ఇంధనం ట్యాంకుకి చోటు దొరికింది. ఆ రెండు రంధ్రాలకీ లోపల నల్ల కాగితం అంటించండి చాలు, విమానం కళే మారిపోతుంది.

ప్రశ్న: అన్నయ్యా, బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న నేవీ విమానం టీయూ-142 చేయాలనుంది. పదో తరగతి చదువుతున్నా. టీయూ-95 బాంబర్ విమానం డ్రాయింగ్‌తో చేసేయొచ్చా?
- గోపాలపట్నం నుంచి ఒక విద్యార్థి

జవాబు: చేయొచ్చు తమ్ముడూ, కానీ అది టీయూ-95 అవుతుంది. రెండూ ఒకే కుటుంబం, అయినా 142 బాడీ ముందువైపు పొడవెక్కువ, తోక కొసన వెనక్కి పొడుచుకొచ్చిన కడ్డీ ఉంటుంది, జలాంతర్గాముల జాడ పట్టే పరికరం అందులోనే. మ్యూజియం ఊళ్లోనే ఉంది కదా, వెళ్లి నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసుకో. 2017లో నేవీ నుంచి రిటైరై వచ్చింది అది. 53 మీటర్ల పొడవు కాబట్టి 1:33లో చేస్తే మీ మంచం పొడవుకి కాస్త తక్కువ, ఇంట్లో తిట్లు ఖాయం. 1:144 పెట్టుకో, 37 సెంటీమీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ఫ్యాన్లు, మొత్తం 32 బ్లేడ్లు, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల లోపే. అన్నీ ఒకే రాత్రి కోద్దామని కూర్చోకు, టెన్షన్‌లో వేలు తెగుతుంది. పరీక్షలయ్యాక మొదలుపెట్టు.

ప్రశ్న: మా అబ్బాయి చేసిన మోడళ్లు వర్షాకాలంలో రెక్కలు వాలిపోతున్నాయి. బీచ్‌కి దగ్గర ఇల్లు.
- ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: సముద్రపు చెమ్మని కాగితం పీల్చేస్తుందండీ. ప్రింట్ తీసిన షీటుకి కత్తిరించక ముందే మ్యాట్ వార్నిష్ స్ప్రే పలచగా కొట్టమనండి, ఇంక్‌జెట్ ప్రింట్ అయితే జిగురు తడికి రంగు చెదరకుండా కూడా ఉంటుంది. రెక్క లోపల, రెండు రెక్కల్నీ కలుపుతూ ఒకే అట్ట పట్టీ బాడీలోంచి దూర్చి పెడితే వాలదు. ఖాళీ షీట్లు ప్లాస్టిక్ కవర్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలతో పాటు దాచండి.

ప్రశ్న: 1942లో మన ఊరి మీద బాంబులేసిన జపాన్ విమానం ఏది? మొదటిసారి చేసేవాళ్లకి కష్టమా?
- ఒక పాఠకుడు, వన్ టౌన్

జవాబు: ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన నకజిమా బీ5ఎన్. సీహాక్ కన్నా ఇదే సులువు, ముక్కు గుండ్రంగా డబ్బాలా ఉంటుంది, పొగ గొట్టాల గొడవ లేదు. పొడవు 10 మీటర్లు, రెక్కలు పదిహేనున్నర. రెక్కల మీది ఎర్ర గుండ్రాలు చేత్తో వేయబోకండి, ప్రింట్‌లోనే ఉండేలా చూసుకోండి. తర్వాత సీహాక్ కూడా చేసి ఒకే అల్మరాలో పెట్టాలనుకుంటే రెండిటికీ ఒకటే స్కేలు వాడండి.