పాఠకుల ప్రశ్నలు: ఒక్క రోజులో గుల్మార్గ్

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో కశ్మీర్ వెళ్తున్నాము. శ్రీనగర్‌లో నాలుగు రాత్రులు ఉంటాము. అందులో ఒక రోజు గుల్మార్గ్ చూసి సాయంత్రానికి తిరిగి రావాలని ఆలోచన. మా అబ్బాయికి 12 ఏళ్లు, స్కీయింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఏడేళ్ల పాపకు మంచులో ఆడుకోవాలని ఉంది. మా వారికి రోప్‌వేలో చిట్టచివరి దాకా ఎక్కాలని కోరిక. మా అత్తయ్యకు 66 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? అత్తయ్యను తీసుకెళ్లవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, జడ్చర్ల

జవాబు: వెళ్లి రావడం అవుతుంది, అన్నీ చేయడం మాత్రం కాదు. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, అంటే మీరు జడ్చర్ల నుంచి శంషాబాద్ వచ్చే దూరం కంటే తక్కువే. (మీ ఊరి పక్క నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది ఆ శ్రీనగర్‌లోనే.) అయితే చలికాలంలో అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో లెక్కవేయడం వల్ల ప్రయోజనం లేదు. మాగాం మీదుగా టంగ్‌మార్గ్ వరకు దారి బాగానే సాగుతుంది గానీ, అక్కడి నుంచి గుల్మార్గ్ వరకు ఉన్న 13 కిలోమీటర్లూ మలుపులు తిరిగే ఎక్కుడు దారి. మంచు పడిన రోజుల్లో టైర్లకు గొలుసులు కట్టిన బండ్లను లేదా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండ్లను మాత్రమే పైకి పంపుతారు. మీరు మాట్లాడుకున్న టాక్సీ టంగ్‌మార్గ్‌లోనే ఆగిపోతుందా, గొలుసులు కట్టుకొని పైదాకా వస్తుందా అన్న సంగతిని బయలుదేరే ముందు రోజే డ్రైవరుతో తేల్చుకోండి. లేకపోతే అక్కడ దిగి మరో బండికి బేరమాడడంలోనే పొద్దు పోతుంది.

ఆ పొద్దు కూడా చాలా తక్కువ. జనవరి నడుమ శ్రీనగర్‌లో సూర్యోదయం ఏడున్నర దాటాక అవుతుంది, సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. దారి గడ్డకట్టక ముందే దిగిపోవాలంటే నాలుగు గంటలకల్లా గుల్మార్గ్ వదలాలి. ఉదయం ఏడింటికి బయలుదేరినా మీ చేతిలో ఉండేది ఆరు గంటలకు మించదు. అందుచేత ఆ రోజుకు ముఖ్యమైన పని ఒకటే పెట్టుకోమని నా సలహా. మీ ఇంట్లో అది అబ్బాయి స్కీయింగ్ పాఠం కావాలి.

రోప్‌వే చివరి మెట్టును ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. గుల్మార్గ్ గొండోలా అని పిలిచే ఈ రోప్‌వేకు రెండు దశలు ఉన్నాయి. మొదటి దశ 2,650 మీటర్ల ఎత్తులోని గుల్మార్గ్ నుంచి సుమారు 3,000 మీటర్ల ఎత్తులోని కొంగ్‌డోరి వరకు, రెండో దశ అక్కడి నుంచి అఫర్వట్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల వరకు తీసుకెళ్తాయి. గాలి పెరిగినా, కొండ మీది మంచు చరియలు జారే ప్రమాదం కనిపించినా ముందుగా ఆగేది ఈ రెండో దశే, వరుసలో ఎక్కువసేపు నిలబెట్టేది కూడా ఇదే. దీన్ని నమ్ముకొని రోజంతా అల్లుకుంటే, ఆగిన నాడు ఏదీ దక్కదు. పైగా అంత ఎత్తున ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు మహబూబ్‌నగర్‌లో అందేదానిలో మూడింట రెండు వంతులే. మీ వారికి అంత కోరిక ఉంటే, తొలి సమయానికి టికెట్టు తీసుకొని ఒక్కరే వెళ్లి రావచ్చు.

అత్తయ్యగారి విషయం మీ వైద్యుడిని అడిగే తేల్చాలి. ఆయన సరేనంటే గుల్మార్గ్ మైదానం వరకు, బీపీ అదుపులో ఉంటే మొదటి దశ వరకు వెళ్లడం సాధారణంగా కష్టం కాదు. రెండో దశ మాత్రం ఆవిడకు వద్దు. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం రావచ్చు, అలా వస్తే వెంటనే కిందికి దిగడమే మందు. కశ్మీర్ చేరిన మరునాడే గుల్మార్గ్ పెట్టుకోకుండా, సుమారు 1,585 మీటర్ల ఎత్తున్న శ్రీనగర్‌లో ఒక రోజు స్థిమితపడి వెళ్తే ఒంటికి తేలిక. ఆఖరి రోజుకూ దాన్ని వాయిదా వేయకండి, దారి మూసుకుపోతే మార్చుకోవడానికి మరో రోజు ఉండదు.

ఇక పాఠం. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌ది, చీలమండ కదలనీయదు. లోపల ఒకే జత ఉన్ని సాక్సులు ఉండాలి. చలి అని రెండు జతలు వేస్తే ముడతలు పడి కాలు కొరుక్కుపోతుంది. అడుగున అంటిన మంచును గీకేసి, ముందు వేళ్ల వైపును స్కీ పలక మీది బిగింపులోకి దూర్చి, ఆ తర్వాత మడమతో గట్టిగా నొక్కితే టక్కున పట్టుకుంటుంది. మొదట నేర్పేది ఆగడం: రెండు పలకల కొసలను దగ్గరికి తెచ్చి, వెనుక భాగాలను దూరంగా నెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి లోపలి అంచుల మీద బరువు వేయాలి. పడబోతే పక్కకు పడాలి, లేచే ముందు పలకలను వాలుకు అడ్డంగా తిప్పుకోవాలి, లేకపోతే లేస్తూ లేస్తూనే జారిపోతారు. రెండు మూడు గంటల్లో పిల్లలు ఇంతవరకు చేయగలుగుతారు. మీ వాడు అంతకంటే ఎక్కువ ఊహించుకుంటే ఇప్పుడే చెప్పి ఉంచండి. శిక్షకుడి గుర్తింపు కార్డు చూసి, సామానుతో కలిపి గంటకు ఎంతో ముందే మాట్లాడుకోండి. పాప ఆ దగ్గరే ఆడుకుంటుంది, దానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. సంక్రాంతి నాటికి కశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే నలభై రోజుల గడ్డు చలి నడుస్తూ ఉంటుంది, డిసెంబరు 21తో అది మొదలవుతుంది. అయినా మంచు తప్పక ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితోనే ఉండిపోయింది. సెలవుల పట్టింపు లేనివారికి ఫిబ్రవరి మేలు. మధ్యాహ్నం హోటళ్ల దగ్గర రద్దీ ఉంటుంది గనుక, పండుగకు కాల్చిన సకినాలు ఒక డబ్బాలో పెట్టుకెళ్లండి.

ప్రశ్న: గొండోలా టికెట్టు అక్కడికి వెళ్లాక కొనవచ్చా? మా ఫోన్లు పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వెళ్లాక కొనుక్కుందామని ఉండకండి. జమ్మూ కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ముందుగానే తీసుకోవాలి. సెలవు రోజుల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి. అక్కడ దగ్గరికి వచ్చి టికెట్టు ఇప్పిస్తామనే వారి మాట వినకండి. టికెట్టును, గుర్తింపు పత్రాన్ని కాగితం మీద ముద్రించుకొని వెళ్లండి, ఎందుకంటే ఇక్కడ కొన్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. కుటుంబంలో ఒక్కరికైనా అది ఉండేలా బయలుదేరే ముందే చూసుకోండి, డ్రైవరును పిలవాలన్నా అదే దిక్కు.

ప్రశ్న: మేము కాలేజీ మిత్రులం. ఒక్క రోజు మంచు కోసం ఖరీదైన చలి దుస్తులు కొనాలా?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: పైకోటు, గమ్‌బూట్లు టంగ్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి, కొనవద్దు. డబ్బు ఒంటికి తగిలే పొర మీద పెట్టండి. పత్తి పండించే జిల్లా వారికి ఈ మాట చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది గానీ, నూలు బనియను అక్కడ పనికిరాదు. చెమటను పీల్చుకొని తడిగా ఉండిపోతుంది, ఆగి నిలబడగానే ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్నిది గానీ, త్వరగా ఆరిపోయే పాలియెస్టర్ థర్మల్ గానీ వేసుకొని, దానిపైన స్వెటరు, ఆపైన అద్దె కోటు వేసుకోండి. చేతి తొడుగులు మాత్రం నీరు ఇంకనివి సొంతంగా కొనుక్కోండి. అద్దెవి చాలాసార్లు ముందు రోజు తడి ఆరకుండానే చేతికి వస్తాయి. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ మరచిపోవద్దు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది గనుక, ఎండ పైనుంచే కాక కింది నుంచి కూడా తగులుతుంది. గడ్డం కింద, ముక్కు అడుగున కూడా రాసుకోండి.